సాక్ష్యం వాళ్ల దగ్గర, రుజువు మా నెత్తిన

ఫాస్టాగ్‌ను తిట్టేవాళ్ల జాబితాలో నన్ను కలపకండి. విజయవాడలో లారీలు తిప్పుకుని బతికేవాణ్ని నేను. టోల్‌గేటు దగ్గర నగదు కట్టిన కాలం బాగా గుర్తుంది. హైదరాబాద్ ట్రిప్పుకు డ్రైవరు బయల్దేరుతుంటే డీజిలుకింత, బత్తాకింత, టోలుకింత అని విడివిడిగా లెక్కపెట్టి ఇచ్చేవాళ్లం. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దాటి, మళ్లీ అవే గేట్లు దాటి తిరిగొచ్చాక రసీదులన్నీ రబ్బరు బ్యాండు చుట్టి బల్ల మీద పడేసేవాడు. చొక్కా జేబులో చెమటకు తడిసి సగం రసీదుల మీద అచ్చు ఎగిరిపోయి ఉండేది. చిల్లర లేదని గేటు దగ్గర చాక్లెట్లు చేతిలో పెట్టేవాళ్లు. ఆ చాక్లెట్లకు లెక్క చెప్పలేక డ్రైవరు, చెప్పమని గుమస్తా రోజూ తగువు పడేవాళ్లు. సంక్రాంతికి పంతంగి దగ్గర బండ్ల వరుస పెరిగిపోతే కదలని లారీలో డీజిలు కాలిపోతూ ఉండేది.

ఆ బాధ చాలావరకు తీరింది. 2014లో ముంబై-అహ్మదాబాద్ దారిలో ప్రయోగంగా మొదలైన ఫాస్టాగ్, 2017 డిసెంబరు నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరైంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటాక, ట్యాగు లేని బండికి రెట్టింపు టోలు అన్నారు. 2025 నవంబరులో దాన్ని కాస్త సడలించి, ట్యాగు లేకుండా యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు, నగదైతే మాత్రం రెట్టింపు అని మార్చారు. ఇప్పుడు టోలు కట్టే వాహనాల్లో నూటికి 98 దాకా ఫాస్టాగ్ మీదే నడుస్తున్నాయని ప్రభుత్వమే చెబుతోంది. ఇంత పెద్ద దేశంలో ఇది చిన్న పని కాదు. అందుకు మెచ్చుకోవాల్సిందే.

నా ఫిర్యాదు వేరు. డబ్బు కోసుకోవడం అంతా యంత్రం చేతిలో పెట్టి, పొరపాటున కోసిన డబ్బు తిరిగి ఇచ్చే పనిని మాత్రం పాతకాలపు కాగితాల మీదే వదిలేశారు. అది ఎందుకు అన్యాయమో తెలియాలంటే ఆ ట్యాగు ఎలా పని చేస్తుందో కొంచెం చెప్పుకోవాలి. లారీల్లోకి దిగక ముందు నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఆ చదువు కూడు పెట్టలేదు గానీ ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది.

అద్దం లోపలివైపు అతికించే ఆ స్టిక్కరులో బ్యాటరీ లేదు. సన్నటి లోహపు గీతలతో చేసిన ఒక యాంటెన్నా, దాని నడుమ కంటికి సరిగా ఆనని ఒక చిప్పు, అంతే. గేటు పైన బిగించిన రీడరు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలను కిందికి వదులుతూ ఉంటుంది. లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చని కేంద్రం 2005లో వదిలిన బ్యాండు ఇది. బండి ఆ తరంగాల కిందికి రాగానే, వాటి శక్తిలోంచే చిప్పుకు కావలసినంత కరెంటు పుడుతుంది. అలా మేలుకున్న చిప్పు సొంతంగా తరంగాలేమీ పుట్టించదు. తన మీద పడినదాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి కొడుతుంది. చిన్నప్పుడు ఎండలో అద్దం ముక్క తిప్పి ఎదుటి మేడ మీదివాళ్ల కళ్లలో వెలుగు కొట్టేవాళ్లం కదా, అదే ఒడుపు. ఆ హెచ్చుతగ్గుల్ని రీడరు అంకెలుగా చదువుకుంటుంది. వ్యవహారమంతా రెప్పపాటులో ముగుస్తుంది.

ఈ ఒడుపు కొత్తదేమీ కాదు. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్‌కు సోవియట్ పిల్లలు చెక్కతో చేసిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. అది రాయబారి నివాసంలో ఏళ్ల తరబడి గోడకు వేలాడింది. లోపల లెవ్ థెరెమిన్ అనే సోవియట్ ఇంజినీరు తయారుచేసిన రహస్య శ్రవణ పరికరం ఉందని 1952లో గానీ బయటపడలేదు. అందులో బ్యాటరీ లేదు. బయటి నుంచి రేడియో తరంగం పంపినప్పుడే అది పని చేసేది. ఊరికే ఉన్నప్పుడు ఉలుకూ పలుకూ లేనిదాన్ని ఎంత వెతికినా ఎలా దొరుకుతుంది? 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు ఇలా తిప్పికొట్టిన శక్తితో సమాచారం పంపడం గురించి పరిశోధన వ్యాసం రాశాడు. మెట్రో కార్డు, లైబ్రరీ పుస్తకానికి అంటించే చిప్పు, మారథాన్ పరుగులో చెస్ట్ నంబరు వెనుక ఉండే చిప్పు అన్నీ ఆ కుదురులోవే. ఫ్రీక్వెన్సీ, దూరం మారతాయి, అంతే. మన టోలుకు ఈ పద్ధతి వాడదామని సిఫార్సు చేసింది 2010లో నందన్ నీలేకని కమిటీ. బ్యాటరీ లేదు కాబట్టి ధర తక్కువ, ఏళ్ల తరబడి మన్నుతుంది. ఆ ఎంపిక మంచిదే.

ట్యాగులో డబ్బు ఉండదు. చిప్పు తయారీదారు చెరపడానికి వీల్లేకుండా వేసిన ఒక నంబరు, జారీ చేసిన బ్యాంకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య, బండి నంబరు, అది కారా లారీనా అని చెప్పే తరగతి, ఇవే ఉంటాయి. 2022లో ఒక వీడియో తిరిగింది గుర్తుందా? అద్దం తుడిచే కుర్రాడు చేతి గడియారంతో ఫాస్టాగ్‌లోంచి డబ్బు లాగేస్తున్నాడని దాన్ని చూసి అందరూ కంగారు పడ్డారు. అది ఉత్త కట్టుకథ. నంబరు చదివినంత మాత్రాన డబ్బు రాదు. నమోదైన టోల్‌గేటు నుంచి, దాని బ్యాంకు ద్వారా, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మీదుగా మన బ్యాంకుకు అభ్యర్థన వెళ్తేనే ఖాతాలోంచి కోత పడుతుంది.

మరి తప్పులు ఎక్కడ పుడుతున్నాయి? చాలావరకు ట్యాగులో కాదు, దాని చుట్టుపక్కల. మా లారీల అద్దాలే చూడండి. పైన దేవుడి పటాలు, వాటి పక్కన నిమ్మకాయలు, మిరపకాయల దండ, ఆ పక్కన తళతళలాడే రేకు స్టిక్కర్లు. ఆ రేకు పూత రేడియో తరంగాలకు గోడలాంటిది. ట్యాగు పక్కనే దాన్ని అతికిస్తే రీడరుకు సమాధానం అందదు. కొందరు ట్యాగును అద్దానికి అతికించకుండా చేతిలో పట్టుకుని చూపిస్తారు. ఒక బండి ట్యాగుతో ఇంకో బండిని దాటించే మోసం కూడా ఇక్కడే పుట్టింది. అలా చేతిలో పట్టుకునే ట్యాగుల్ని బ్లాక్‌లిస్టులో పెడతామని 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ ప్రకటించింది. అందులో నాకు అభ్యంతరం లేదు. మా డ్రైవర్లందరి చేత రేకు స్టిక్కర్లు పీకించాను.

అసలు చిక్కు ట్యాగు చదవనప్పుడు వస్తుంది. వెనుక హారన్లు మోగుతుంటాయి. క్యాబిన్‌లోని కుర్రాడు బండి నంబరు చూసి కంప్యూటర్లో చేత్తో కొడతాడు. ఆ నంబరు మీద ఏ ట్యాగు ఉంటే ఆ ఖాతాలోంచి డబ్బు పోతుంది. ట్యాగును ఎవరూ చదవనక్కర్లేదు. ఆంధ్రలో పాత కృష్ణా జిల్లా బండ్లు ఏపీ 16, గుంటూరువి ఏపీ 7 అని జిల్లాకో కోడ్ ఉండేది. తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఉమ్మడి సిరీస్ పెట్టారు. అక్షరం ఒకటి తప్పుగా కొడితే చిత్తూరు బండి దాటిన గేటుకు శ్రీకాకుళం బండి ఓనరు డబ్బు కడతాడు.

మాకు జరిగింది దాదాపు అదే. లారీ ఆటోనగర్‌లో షెడ్డులో ఉంది. గేరుబాక్సు దింపి కింద పెట్టారు, పళ్లు అరిగిన గేర్లు కిరసనాయిల్ డబ్బాలో నానుతున్నాయి. సాయంత్రం ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. "సార్, మన బండి అడుగు కదిపే స్థితిలో లేదు కదండీ. గేటు ఎలా దాటింది?" వేరే జిల్లాలో ఒక టోల్‌గేటు దగ్గర కొన్ని వందల రూపాయలు కోశారు.

ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు ఫోను చేశాం. ఆ సమయంలో బండి అక్కడ లేదని ఆధారం పంపమన్నారు. లేనిచోట లేనని ఎలా రుజువు చేయాలి? జీపీఎస్ చూపించాం. అది మీరు పెట్టుకున్న జీపీఎస్ కదా అన్నారు. మెకానిక్కు దగ్గరకు వెళ్లి బండి పనిలో ఉందని కాగితం రాసిమ్మన్నాను. ఆయన రెంచి కింద పెట్టి, "ఓనరుగారూ, బిల్లంటే ఇస్తాను గానీ, మీ బండి నా షెడ్డులో ఉందని బ్యాంకోళ్లకు నేను హామీ ఉండాలా?" అన్నాడు. నవ్వాడు గానీ, ఆ మాటలో న్యాయం ఉంది. కాగితాలన్నీ పంపాక, మళ్లీ మళ్లీ ఫోన్లు చేశాక, చివరికి డబ్బు తిరిగి వచ్చింది. దాని కోసం మా ఆఫీసు అమ్మాయి వెచ్చించిన పని గంటలకు కూలి కడితే, వచ్చినదాని కంటే పోయిందే ఎక్కువ.

ఇక్కడే ఆ ట్యాగు స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. దానికి గడియారం లేదు, జ్ఞాపకం లేదు. తనను ఎవరు ఎప్పుడు చదివారో రాసిపెట్టుకోదు. అంత అమాయకమైన వస్తువు కాబట్టే అంత చవగ్గా వస్తోంది. అంటే బండి ఓనరు చేతిలో ఏ సాక్ష్యమూ ఉండదు. సాక్ష్యమంతా గేటు దగ్గరే ఉంది. బండి ఫోటో తీసే కెమెరా వాళ్లది. ఇరుసులు లెక్కపెట్టి ఇది కారో, పది టైర్ల లారీయో, పన్నెండు టైర్ల లారీయో తేల్చే పరికరం వాళ్లది. ట్యాగు నిజంగా చదివారా, నంబరు చేత్తో కొట్టారా అన్న రికార్డు వాళ్ల సర్వర్‌లో ఉంది. మాకొచ్చే మెసేజ్‌లో బండి నంబరు, గేటు పేరు, సమయం, కోసిన మొత్తం, మిగిలిన బ్యాలెన్సు, ఇంతే. సాక్ష్యం ఉన్నవాణ్ని వదిలేసి లేనివాణ్ని రుజువు చేయమనడం ఏ ధర్మం?

పోయేది కొన్ని వందలే కదా అని కొట్టిపారేయకండి. 2021 జనవరి నుంచి జీఎస్టీ ఈ-వే బిల్లును ఫాస్టాగ్‌తో ముడిపెట్టారు. ఏ లారీ ఏ గేటు ఎప్పుడు దాటిందో పన్ను అధికారులకు కనిపిస్తుంది. షెడ్డులో ఉన్న లారీ వేరే జిల్లా గేటు దాటినట్టు రికార్డయితే, రేపు ఆ బండి మీద ఏ సరుకు ఎక్కడికి పోయిందని అడిగితే మేమేం చెప్పాలి? ప్రభుత్వానికి కావలసినప్పుడు గేటు రికార్డు తిరుగులేని సాక్ష్యం. మాకు కావలసినప్పుడు మాత్రం మెకానిక్కు కాగితం తెచ్చుకోవాలి.

అధికారుల వాదన కూడా వినాలి కదా. ఫాస్టాగ్ వ్యవహారాలు చూసే ఇండియన్ హైవేస్ మేనేజ్‌మెంట్ కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం, నెలకు సుమారు 30 కోట్ల లావాదేవీల్లో తప్పుడు కోతలపై నిజమైనవిగా తేలే ఫిర్యాదులు 50 దాకా మాత్రమే. తప్పుగా కోసిన టోల్‌గేటు నిర్వాహకులకు ఒక్కో కేసుకు లక్ష రూపాయల జరిమానా కూడా వేస్తున్నారు. ఆ జరిమానా మంచి పని, గేటు దగ్గర కాస్త భయం పుట్టించింది. కానీ ఆ 50 అనే అంకె తప్పుల లెక్క కాదు, ఓపిక లెక్క. మెసేజ్ చదివి, తప్పని గుర్తించి, సరైన చోట ఫిర్యాదు చేసి, కాగితాలు పంపి, చివరిదాకా వెంటపడ్డవాళ్లు మాత్రమే అందులో ఉంటారు. ఒక్క లారీ పెట్టుకుని తనే నడుపుకునే డ్రైవరు ఆ ఇంగ్లిషు మెసేజ్ ఎన్నిసార్లు విప్పి చూస్తాడు? బ్యాలెన్సు అయిపోతే, ఎందుకు అయిపోయిందా అని ఆలోచించకుండా మళ్లీ రీఛార్జి చేసుకుంటాడు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. మన అనుమతి లేకుండా ఖాతాలోంచి ఎలక్ట్రానిక్ పద్ధతిలో డబ్బు పోయిందని ఫిర్యాదు చేస్తే, బ్యాంకు 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో వేసి, ఆ తర్వాత విచారణ చేసుకోవాలి. తప్పు ఖాతాదారుదని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే. టోలుకూ అదే సూత్రాన్ని తు.చ. తప్పకుండా వర్తింపజేయాలి. ఓనరు అభ్యంతరం చెప్పగానే డబ్బు వెనక్కి వేయండి. ఆ బండి గేటు దాటినట్టు ఫోటో, ఇరుసుల లెక్క, ట్యాగు చదివిన రికార్డు గేటువాళ్లు చూపిస్తే మళ్లీ కోసుకోండి. అబద్ధపు ఫిర్యాదు చేసినవాడికి జరిమానా వేసినా మాకు సమ్మతమే.

రెండోది ఇంకా తేలిక. నంబరు చేత్తో కొట్టి కోసిన డబ్బయితే ఆ సంగతి మెసేజ్‌లోనే చెప్పాలి, బండి ఫోటో చూసే లింకు దాంతోపాటు ఇవ్వాలి. ఫోటో లేకుండా చేత్తో కొట్టిన కోత చెల్లదని ఒక్క నిబంధన పెడితే సగం తగువులు పుట్టవు. ఆ మెసేజ్ తెలుగులోనూ ఇవ్వాలి. కరెంటు బిల్లు తెలుగులో వస్తున్నప్పుడు టోలు మెసేజ్ ఎందుకు రాకూడదు? లక్ష జరిమానాలో కొంత, డబ్బు పోగొట్టుకుని తిరిగిన బండి ఓనరుకు ఇస్తే ఇంకా మంచిది.

మూడోది, ఉన్న హక్కునే జనానికి తెలియజేయడం. 2018 మే నెలలో కేంద్రం టోలు నిబంధనలు సవరించింది. మీ ట్యాగు సరిగ్గా ఉండి, ఖాతాలో సరిపడా డబ్బు ఉండి, గేటు దగ్గర యంత్రాలు పని చేయక చదవలేకపోతే, మీరు ఒక్క రూపాయి కట్టకుండా వెళ్లొచ్చు. సున్నా మొత్తంతో రసీదు కూడా ఇవ్వాలి. ఈ నిబంధన తెలిసిన డ్రైవరు మా స్టాండులో అరుదు. చాలామంది నగదు తీసి రెట్టింపు కట్టి తిట్టుకుంటూ పోయేవాళ్లే. టోలు ధరల బోర్డు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో, ఈ నిబంధన కూడా అంత పెద్ద తెలుగు అక్షరాల్లో ప్రతి గేటు దగ్గర ఉండాలి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, త్వరలో గేటే ఉండదు. గుజరాత్‌లోని చోర్యాసి టోల్‌ప్లాజాలో అడ్డుకర్ర లేకుండా, బండ్లు ఆగకుండానే టోలు వసూలు చేసే పద్ధతికి 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. అక్కడ పని చేసేవి ట్యాగు రీడర్లు, నంబరు ప్లేటు చదివే కెమెరాలు. బండి ఆగదు కాబట్టి డీజిలు, సమయం కలిసొస్తాయి. లారీలవాళ్లం దాన్ని రెండు చేతులా ఆహ్వానిస్తాం. కానీ ఇవాళ తేడా వస్తే కనీసం క్యాబిన్‌లో ఒక మనిషి ఉన్నాడు, కిందికి దిగి అడగొచ్చు. రేపు అడగడానికి మనిషి ఉండడు. బురద కొట్టుకున్న నంబరు ప్లేటును కెమెరా తప్పుగా చదివితే, నోటీసు ఇంకెవరి ఫోనుకో వెళ్తుంది. వాపసు పద్ధతిని సరిచేయకుండా ఆ రోజు తెస్తే, ఇవాళ్టి చిన్న తప్పులు అప్పుడు రాశులవుతాయి.

తోటి లారీ ఓనర్లకు, కార్లవాళ్లకు నా మనవి ఒక్కటే. వారానికోసారి ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తెరిచి మీ బండి తిరిగిన దారితో సరిచూసుకోండి. తేడా కనిపిస్తే వందే కదా అని వదలకండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు చెప్పండి. నెలకు 50 ఫిర్యాదులే అని వాళ్లు అంటున్నంత కాలం ఈ పద్ధతి మారదు. ఇక రహదారుల శాఖకు చెప్పేది ఇంకా సూటి మాట: కోత యంత్రం చేస్తున్నప్పుడు, వాపసు కూడా యంత్రమే చేయాలి. ఫోటో మీ దగ్గర ఉంది, రికార్డు మీ దగ్గర ఉంది. రుజువు చేయాల్సింది కూడా మీరే.